కాపరి కళ్లు

2021 నవంబరు వానల్ని చిత్తూరు, తిరుపతి వాళ్లు అంత తొందరగా మర్చిపోలేరు. ఆ వారం ఆదివారం పొద్దున మా చర్చి తలుపులు తెరిచేసరికి మూడో బెంచీ దాకా నీళ్లు నిలిచి ఉన్నాయి. మొదట పైకప్పు కారిందేమో అనుకున్నాం. చూస్తే పడమటి గోడకున్న రంగుటద్దాల కిటికీలోంచి, ముక్కకీ ముక్కకీ మధ్యనుంచి, సన్నగా నీళ్లు దిగుతున్నాయి. పక్కకి నిలబడి చూస్తే కిటికీ నడుం భాగం పొట్టలాగా లోపలికి ఉబ్బి ఉంది.

ఆ కిటికీ ఆరడుగుల ఎత్తు, రెండున్నర అడుగుల వెడల్పు. మంచి కాపరిగా యేసు బొమ్మ. భుజాల మీద గొర్రెపిల్ల, ఎర్రటి వస్త్రం, తల చుట్టూ పసుపు వలయం, వెనక నీలం కొండలు, కాళ్ల కింద గడ్డి. ముఖం మాత్రం ఖాళీ. నేను పెళ్లయి చిత్తూరు వచ్చిన రోజునుంచీ చూసింది కళ్లు లేని కాపరినే. చాలా ఏళ్ల కిందట ఒక క్రిస్మస్ ముందు, కూలికి వచ్చిన వాళ్లెవరో బాత్రూములు కడిగే ఆసిడ్ పోసి స్టీలు పీచుతో రుద్దారట. మరకలతో పాటు కళ్లూ, గడ్డం గీతలూ పోయాయి.

కమిటీలో మాట వచ్చింది: తీసేసి అల్యూమినియం ఫ్రేము పెడదాం, తెల్లద్దం మీద ఇదే బొమ్మ స్టిక్కరు వేయిద్దాం, వారంలో పని అయిపోతుంది. తప్పు పట్టడానికి లేదు, చర్చిలో డబ్బు తక్కువ, వాన మళ్లీ వస్తుంది. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నా పుట్టిల్లు శ్రీకాళహస్తి. పద్నాలుగో ఏటనుంచి కలంకారీ చేస్తున్నాను. చేత్తో గీసిన గీత ఒకసారి పోతే ఏం పోయినట్టో నాకు తెలుసు. మర్నాడు మా చర్చి పాస్టరు అయ్యగారి దగ్గరికి వెళ్లి నెల రోజులు గడువు అడిగాను. ఆయన సరే అన్నారు. టార్పాలిన్ కట్టించి, అంతవరకు ఎవరూ ముట్టుకోకూడదని కమిటీకి చెప్పారు.

చర్చి బెంచీలు చేసే ఆచారి ద్వారా ఒక పెద్ద మేస్త్రీ దొరికారు. వేలూరు వైపు ఆయన. పాత చర్చిలు, పాత బంగళాల అద్దాల పని యాభై ఏళ్లుగా చేస్తున్నారు. వేలూరు ఇక్కడికి ముప్పై అయిదు కిలోమీటర్లే. పొద్దున బస్సు దిగి, ఒక గుడ్డ సంచీతో వచ్చారు. కిటికీ ముందు స్టూలు వేసుకుని ఎక్కి, ఒక్కో అద్దం మీద గోటితో తట్టుకుంటూ పోయారు. గట్టిగా ఉన్న ముక్క టక్‌మంటుంది, వదులైంది గలగలమంటుంది. నడుం భాగంలో అన్నీ గలగలే.

"అద్దానికేం కాలేదమ్మా. సీసం అలిసిపోయింది" అన్నారు.

ఈ కిటికీలు ఎలా కడతారో అప్పటికి నాకు తెలీదు. ఒక్కో రంగుకి ఒక్కో గాజు ముక్క. వాటిని పట్టుకునేవి సీసం పట్టీలు. పట్టీని అడ్డంగా కోసి చూస్తే ఇంగ్లీషు హెచ్ అక్షరం పడుకోబెట్టినట్టు ఉంటుంది, రెండు వైపులా ఉన్న గాడిలో గాజు కూర్చుంటుంది. పట్టీలు కలిసే చోటల్లా మాటు వేస్తారు. మన వీధుల్లో బిందెలకు మాట్లు వేసే వాళ్లు తిరిగేవాళ్లు చూడండి, అదే మాటు. వేడికి సీసం గాజుకన్నా సుమారు మూడింతలు సాగుతుంది. పడమటి గోడ, చిత్తూరు ఎండ. మధ్యాహ్నం సాగి, రాత్రి ముడుచుకుని, ఏళ్ల తరబడి అదే పని చేస్తే మాటు పక్కనే సీసం చిట్లుతుంది. బరువు పైనుంచి పడుతుంది గనక నడుం ఉబ్బుతుంది. నూరేళ్లు మోసిన సీసాన్ని మార్చడం మామూలే, గాజు మాత్రం ఇంకా ఎన్ని వందల ఏళ్లైనా ఉంటుందన్నారు ఆయన.

పాత గాజు కాలం గడిచేకొద్దీ కరిగి కిందికి జారుతుందనీ అందుకే కింద అంచు మందంగా ఉంటుందనీ కమిటీలో ఒకరు గట్టిగా చెప్పారు. నేనూ అప్పటిదాకా అదే నమ్మాను. అది నిజం కాదు. పాతరోజుల్లో ఊది చేసిన గాజు ఒకచోట మందంగా, ఒకచోట పల్చగా వచ్చేది, అంతే. మా కిటికీలోనే మందపు అంచు పైకి ఉన్న ముక్కలు ఎన్నో లెక్కపెట్టి చూపించాను.

2022 ఫిబ్రవరిలో పని మొదలైంది. మేస్త్రీ వారంలో మూడు రోజులు వస్తానన్నారు, తోడు పనికి నేను. ముందు ఫోటోలు, ఆ తర్వాత అచ్చు. కిటికీ మీద పల్చటి కాయితం పరిచి మైనపు క్రేయాన్‌తో రుద్దితే సీసం గీతలన్నీ కాయితం మీదికి దిగుతాయి. పిల్లలు రూపాయి బిళ్ల మీద కాయితం పెట్టి పెన్సిల్ రుద్దుతారే, అలాగే. కాయితం మీద ప్రతి గడికీ నంబరు వేశాను. పై పలకలో 48, నడుం పలకలో 76, కింద పలకలో 63. మొత్తం 187 ముక్కలు.

గోడలోంచి తీయడమే అన్నిటికన్నా భయపెట్టిన పని. మొదట్లో సున్నంతో కూర్చోబెట్టిన దాన్ని ఏదో పాత రిపేరులో సిమెంటుతో బిగించారు. సున్నమైతే గోరుతో గీరినా వస్తుంది. సిమెంటు గాజుని పట్టుకుని వదలదు. యాక్సా బ్లేడు ముక్కతో అంగుళం అంగుళం కోసుకుంటూ పోతే నాలుగు రోజులు పట్టింది. తీసిన పలకని ప్లైవుడ్ మీదికి ఆనించి నిలువుగానే మోయాలి. అడ్డంగా ఎత్తితే తన బరువుకి తనే వంగి విరుగుతుంది. ఆ మూడు పలకలు చర్చి వెనక గదిలోకి చేరేదాకా మా ఆయన, ఇద్దరు కుర్రాళ్లు ఊపిరి బిగపట్టుకునే ఉన్నారు. మా ఆయన గ్రానైట్ ఫ్యాక్టరీలో పని, టన్నుల బండలు ఎత్తించే మనిషి. ఆరోజు ఆయన చేతులు వణకడం చూశాను.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. సీసం విషం. ముట్టుకుంటే ఏం కాదనుకుంటాం, కానీ దాని దుమ్ము నోట్లోకి పోతే ఒంట్లో పేరుకుంటుంది, పిల్లలకి మరీ ప్రమాదం. మా పాపకి అప్పుడు అయిదేళ్లు. ఆ గదిలో తిండి, టీ లేవు. ఊడ్చేవాళ్లం కాదు, తడిగుడ్డతో తుడిచేవాళ్లం. పనిచీర అక్కడే విప్పి, చేతులు సబ్బుతో కడుక్కుని, ఇంటికి వెళ్లగానే తలస్నానం. మొదలుపెట్టే ముందు ఒకసారి, అయ్యాక ఒకసారి రక్తంలో సీసం ఎంతుందో పరీక్ష చేయించుకున్నాను. ఎవరైనా ఇలాంటి పని ఇంట్లో మొదలుపెట్టాలనుకుంటే ఈ జాగ్రత్తలు ముందు, గాజు తర్వాత.

విప్పడం నాకు చాలా నచ్చిన పని. పాత సీసాన్ని కటింగ్ ప్లేయరుతో కత్తిరించి, వలిచి, గాజు ముక్కని తీసి, అచ్చు కాయితం మీద దాని నంబరు గడిలో పెట్టాలి. సీసం పైన నల్లగా ఉన్నా కోసిన చోట వెండిలా మెరిసి, నిమిషాల్లో మబ్బు పడుతుంది. గొర్రెపిల్ల కాళ్ల దగ్గర పట్టీ వేళ్లతో పట్టుకోగానే రెండుగా విరిగింది. ఆ వాన తర్వాత ఇంకొక్క గాలివాన వచ్చి ఉంటే నడుం పలక నేల మీద ఉండేది.

ఎర్ర వస్త్రంలో ఒక ముక్క గాజు కాదని అప్పుడే తెలిసింది. ప్లాస్టిక్. లారీ వెనక లైటు అద్దంలోంచి కోసినట్టుంది. ఎవరో ఒకప్పుడు పగిలిన చోట వాన రాకుండా చేతికందింది పెట్టారు. ఆ చేతికి నేను దండం పెడతాను, దానివల్లే పక్క ముక్కలు నిలిచాయి.

కడగడానికి బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్, దూది పుల్లలు. అంతే. వెనిగర్ లేదు, సబ్బు పొడి లేదు. ముందు మూలన ఒక చుక్క వేసి గీత కదులుతోందేమో చూసి, కదలకపోతేనే ముందుకి. నీలం కొండల మీద నూరేళ్ల మసి పోగానే కోబాల్టు నీలం బయటపడింది. పొయ్యిలో మంట అడుగున కనిపించే నీలం లాంటిది. తల చుట్టూ వలయం పసుపు మాత్రం ఆసిడ్‌కి చెక్కు చెదరలేదు. ఎందుకంటే అది పైపూత కాదు, వెండి. వెండి లవణం గాజు వెనక పూసి కాలిస్తే ఆ వెండి గాజులోకే ఇంకి పసుపవుతుంది. యూరప్‌లో పద్నాలుగో శతాబ్దం మొదట్లోనే ఈ పని వచ్చిందట. స్టెయిన్డ్ గ్లాస్ అనే మాటకి తగ్గట్టు నిజంగా గాజుకి రంగు పట్టించేది ఇదే.

ముఖం ముక్క చెవి దగ్గరనుంచి గడ్డం దాకా పగిలి ఉంది. దాన్ని సీసంలోంచి వలిచి లైటు బల్ల మీద పెట్టిన రోజు నేను మర్చిపోలేను. బల్ల అంటే ప్లైవుడ్ పెట్టె, పైన అద్దం, లోపల ట్యూబులైట్లు. గాజు మధ్యంతా బోసిగా ఉంది. కానీ చుట్టూ అంచున, సీసం పెదవి కింద దాక్కున్న నాలుగు మిల్లీమీటర్ల మేర, పాత రంగు అచ్చం చేసిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది! గడ్డం వెంట్రుకల కొసలు సన్నటి గోధుమ గీతల్లా వచ్చి ఆ అంచు దగ్గర ఆగాయి. చెంప పక్క నీడ పొగలా పల్చగా ఉంది. భూతద్దం పెట్టి చూస్తే ఒక్కో గీత మొదట మందంగా మొదలై చివర సూదిలా తేలిపోయింది. ఎవరో కుంచె నొక్కి, మెల్లగా ఎత్తారు. మా నాయన నాకు కలం పట్టడం నేర్పింది ఇలాగే, నొక్కి ఎత్తడం.

అప్పుడు అత్తమ్మకి ఒక సంగతి గుర్తొచ్చింది. ఇనప్పెట్టెలోంచి తన పెళ్లి ఫోటో తీసుకొచ్చారు. నలుపు తెలుపు. ఆమె, మామయ్య, వెనక బంధువులు, వాళ్ల తలల మీదుగా ఈ కిటికీ. స్టూడియోలో పెద్దది చేయిస్తే కాపరి కళ్లు మసకగా కనిపించాయి. మననుంచి చూపు తప్పించి, భుజం మీది గొర్రెపిల్ల వైపు వాల్చి ఉన్నాయి. అత్తమ్మ ఆ ఫోటో ఎన్నోసార్లు చూసి ఉంటారు, ఆ కళ్లని చూసింది మాత్రం అదే మొదటిసారి అన్నారు.

ఇక కమిటీలో గొడవ. "కళ్లు ఎలా ఉన్నాయో తెలిసింది కదా, ఆ గాజు మీదే గీసెయ్ పాపా, నీకు చెయ్యి ఉంది" అన్నారు పెద్దలు. నేను ఒప్పుకోలేదు. పాత గాజుని మళ్లీ కాలిస్తే పగలొచ్చు, మిగిలిన ఆ నాలుగు మిల్లీమీటర్లూ చెడొచ్చు. కాల్చకుండా మామూలు రంగేస్తే రెండు ఎండాకాలాలకి రాలిపోతుంది. అన్నిటికన్నా పెద్ద సంగతి, పాత చెయ్యి ఏదో నా చెయ్యి ఏదో తర్వాత వచ్చేవాళ్లకి తెలియకుండా పోతుంది. మేస్త్రీ వేరే దారి చెప్పారు. ముఖం కొలతకే పల్చటి తెల్లగాజు కోసి, పోయిన గీతలు దాని మీద గీసి, కాల్చి, పాత గాజు వెనక నిలబెట్టడం. ముందునుంచి చూస్తే రెండూ ఒకటిగా కనిపిస్తాయి. ఎప్పుడైనా ఎవరికైనా నచ్చకపోతే నాది తీసేయొచ్చు, పాతదానికి గీత పడదు. అయ్యగారు దీనికే మొగ్గారు.

గాజు మీద గీసే నలుపు అంటే గాజు పొడి, ఇనుప ఆక్సైడు, నీళ్లు, కాస్త బంక. ఇనుము అనగానే నాకు ఇల్లు గుర్తొచ్చింది. కలంకారీలో నల్లగీత కూడా ఇనుమే. తుప్పు ఇనుప ముక్కలు, బెల్లం కుండలో రోజుల తరబడి ఊరబెట్టిన నీళ్లు, కరక్కాయ పట్టించిన గుడ్డకి తగలగానే నల్లబడతాయి. దినుసు ఒకటే గానీ పని తలకిందులు. గుడ్డ మీద నేను తెల్లదాని మీద నలుపు చేరుస్తూ పోతాను, వేసింది వెనక్కి రాదు. గాజు మీద ముందు గీతలు గీసి, ఆరాక నీడ కోసం అంతటా పల్చగా పూత పూసి, అది ఆరాక గట్టి కుంచెతో, సూదితో తుడిచి వెలుగు తియ్యాలి. చెంప మీద వెలుగు కావాలంటే అక్కడున్న చీకటిని తియ్యాలి. చెయ్యికి ఇది ఎక్కడానికి నెల పట్టింది.

మొదటిసారి కాల్చినప్పుడు కనుబొమ్మలు పొక్కులొచ్చాయి. బంక ఎక్కువైంది. రెండోసారి బాగానే కాలింది కానీ పాత గాజు వెనక పెట్టి ఎండకి ఎత్తి చూస్తే కళ్లు కోపంగా ఉన్నాయి. ట్యూబులైటు ముందు సరిపోయిన నలుపు చిత్తూరు ఎండ ముందు సరిపోదు. మూడోదాన్ని గది కిటికీకి ఆనించి, సాయంత్రం నాలుగు తర్వాతి ఎండలోనే గీశాను. వేలూరులో మేస్త్రీకి తెలిసినవాళ్ల కరెంటు బట్టీలో సుమారు 650 డిగ్రీలకి కాల్చి, రాత్రంతా మెల్లగా చల్లారనిచ్చాం. పొద్దున తలుపు తీశాక ఇంకా వెచ్చగా ఉన్న ఆ గాజుని మేస్త్రీ పైకెత్తి చూసి, ఏమీ అనకుండా నా చేతిలో పెట్టారు. దాని అంచున, సీసం కిందికి పోయే చోట, 2022 అని సూదితో గీకి ఉంచాను. పాతదనుకుని ఎవరూ మోసపోకూడదు.

ఈ మధ్యలోనే ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి. నా పుట్టిల్లు తిరుపతి జిల్లా అయింది, మెట్టినిల్లు చిత్తూరులో ఉండిపోయింది. జూన్ వచ్చేసరికి గుజ్జు ఫ్యాక్టరీల వైపు వెళ్లే తోతాపురి ట్రాక్టర్ల వాసన గదిలోకి వచ్చేది.

ప్లాస్టిక్ ముక్క బదులు ఎరుపు దొరకడానికి అన్నిటికన్నా ఎక్కువ తిరగాల్సి వచ్చింది. మా పాత ఎరుపు అంచు చూస్తే గాజంతా తెలుపు, ఒక పక్కన మాత్రం ఉల్లిపొరంత ఎరుపు. ఆ ఎరుపు ఎంత గాఢమంటే మందమంతా దానితోనే చేస్తే నల్లగా కనిపిస్తుంది, అందుకే తెల్లగాజు మీద పొరలా వేస్తారు. కొత్త మెషీను గాజు దాని పక్కన పెడితే చచ్చినట్టు ఉంది. చివరికి కారైకుడిలో పాత ఇళ్ల సామాను అమ్మే వీధిలో, పడగొట్టిన ఇంటి తలుపు పైన ఉండే అద్దం దొరికింది. అరచేతంత. కొయ్యడానికి ఒక్కటే అవకాశం. డైమండ్ కటరు మేస్త్రీయే పట్టారు, నేను బయటికి వెళ్లి నిలబడ్డాను. కరకర అని గీసిన చప్పుడు, తర్వాత చిన్నగా టిక్. ఆ టిక్ వినగానే లోపలికి పరిగెత్తాను.

పగిలిన కొండ ముక్కలకి సన్నటి రాగి రేకు చుట్టి అతికించాం, అదనంగా సీసం పెడితే బొమ్మకి లేని నల్లగీత వస్తుంది. ముఖాన్ని మాత్రం నీళ్లలా ఉండే ఎపాక్సీ జిగురుతో అంటించి వారం రోజులు కదపలేదు. గొర్రెపిల్ల వెనక కాలి మీద చిన్న బీట గట్టిగానే ఉంది, దాన్ని అలాగే వదిలేశాం. మార్చకూడదనేదే నా పట్టు.

కట్టడం ఆగస్టులో. కొత్త సీసం పట్టీని ఒక చివర బిగించి రెండో చివర లాగితే కొద్దిగా సాగి నిటారవుతుంది. బల్ల మూలన రెండు చెక్కలు లంబంగా కొట్టి, అక్కణ్ణుంచి ఒక్కో ముక్క కూర్చుకుంటూ, జారకుండా గుర్రపు లాడం మేకులు దిగ్గొట్టుకుంటూ రావాలి. ఆ మేకులు పల్చగా ఉంటాయి, గాజు అంచు విరగదు. తర్వాత మాట్లు. తగరం, సీసం కలిసిన మాటు 190 డిగ్రీల లోపే కరుగుతుంది, సీసం 327కి. ఆ రెండిటి మధ్యే మన పని. మాటు వేసే కడ్డీ కొంచెం ఎక్కువ కాలినా మాటుతో పాటు పట్టీ కూడా కరిగి గుంట పడుతుంది. నావి రెండు గుంటలు పడ్డాయి, ఆ పట్టీలు తీసేసి కొత్తవి వేశాం. ముఖానికి ముందు వెనకల గాజులు రెండూ కలిపి అంచుకి రాగి రేకు చుట్టాక వెడల్పు గాడి ఉన్న పట్టీ వేశాం.

ఆఖరున లప్పం. సుద్ద పొడి, అవిసె నూనె, కాస్త దీపపు మసి కలిపి గట్టి బ్రష్షుతో ప్రతి పట్టీ కిందికీ రుద్దాలి. వాన ఆపేది ఇదే. పైన పొడి సుద్ద చల్లి మళ్లీ తోమితే ఎక్కువైన నూనె పీల్చుకుని సీసం నల్లగా నిగనిగలాడుతుంది. మోచేతుల దాకా నలుపే.

సెప్టెంబరు రెండో వారంలో గోడకి ఎక్కించాం, ఈసారి సున్నంతో. తుప్పు పట్టి ఉబ్బిన పాత ఇనుప అడ్డకమ్మీల చోట స్టెయిన్‌లెస్ స్టీలువి పెట్టి, పట్టీలకి మాటు వేసిన రాగి తీగలతో పలకల్ని వాటికి కట్టాం. బయట కాపలాకి ఇంకో అద్దం పెట్టాం, కుర్రాళ్ల క్రికెట్ బంతులు ఆగవు కదా. కమిటీ దాన్ని పూర్తిగా మూసెయ్యమంది. మేస్త్రీ వద్దన్నారు. మూస్తే మధ్యలో గాలి ఎండకి ఉడికిపోతుంది, రాత్రికి చెమ్మ పడుతుంది. పైనా కిందా సందు వదిలి, పురుగులు రాకుండా జాలీ కొట్టించాం.

చివరి తీగ మెలిపెట్టేసరికి సాయంత్రం అయిదు దాటింది. అత్తమ్మ మూడో బెంచీలో కూర్చుని ఉన్నారు. ఎరుపు ఆమె చీర మీద పడింది. పైకి చూసి, "అటే చూస్తున్నాడు కదా" అన్నారు.

పాత సీసం, ప్లాస్టిక్ ముక్క, పొక్కులొచ్చిన కనుబొమ్మలు, అచ్చు కాయితాలు, 187 నంబర్లున్న నా నోట్‌బుక్, అన్నీ ఒక రేకు పెట్టెలో పెట్టి చర్చి బీరువాలో ఉంచాం. మూత మీద పెయింటుతో పెద్దక్షరాల్లో రాశాను: పడమటి కిటికీ. పారెయ్యొద్దు.